ఇంకొంచెం దించు

అటక మీంచి దించినప్పుడు
బాంజో లోపల ఏదో దొర్లింది.
మీటలు ఇరవై రెండు. నొక్కితే లేచేవి తొమ్మిది.
తీగలు వేలికి తగిలీ తగలకముందే
ఎర్రగా పొడి రాలాయి.
మా ఊళ్లో ఇనుముకి సముద్రం దగ్గరి చుట్టం,
పిలవకపోయినా వస్తుంది,
తుపానప్పుడైతే రేకులెత్తుకుని మరీ వస్తుంది.

పూర్ణామార్కెట్లో గిటార్లమ్మే కుర్రాడు
"ఇదేటండి, పాత లెక్కల మిషనా?" అన్నాడు.
హార్మోనియాలు బాగుచేసే ముసలాయన కొట్లో
ఇప్పుడు బిర్యానీ పొట్లాలు కడుతున్నారు.
తిరిగి తిరిగి కోర్టు దగ్గర
టైపు మిషన్ల ఎర్రునాయుడి బల్ల ముందు పెట్టాను.
నుదుటి మీది కళ్లద్దాలు కిందికి లాక్కుని
ఒక్కో మీటా తట్టి చూశాడాయన,
పళ్ల డాక్టరు తట్టినట్టు.
"ఇవి మా మీటలే కదేటి!
అచ్చరాలు గీకీసి సరిగమలు రాసీసినారు."

తాత సంగతి కొంచెం చెప్పాను.
పోలారావు. షిప్‌యార్డులో రివెట్లు కొట్టేవాడు.
ఓడ పొట్టలో దూరి పద్దెనిమిదేళ్లు సుత్తి మోత.
నలభై నిండకుండానే
రెండు చెవులూ ఓడలకిచ్చేశాడు.
బాంజో కొన్నది ఆ తరవాత.
కంచరపాలెంలో మా వీధంతా నవ్విందట.

షిఫ్టు దిగొచ్చి, అన్నం తిని,
తొడ మీద దాన్ని నిలువుగా ఆనించుకుని
పెట్టె అంచుకి దవడ నొక్కిపెట్టి వాయించేవాడు.
ఎముకతో వినేవాడు.
ఆ దవడ ఆనినచోట, తమలపాకంత మేర,
రంగుపోయి కర్ర పాలిపోయింది.

ఎర్రునాయుడు సరిగ్గా అక్కడికే
గరుకు కాగితం పట్టుకెళ్లాడు.
నా చెయ్యి అడ్డం పెట్టాను.
"అది మరక కాదండి."
ఆయన నన్నోసారి చూసి
కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పన్నెండు రోజులు పట్టింది.
మీటలు ఒక రాత్రంతా కిరసనాయిల్లో నానాయి.
'గ' కిందికి పాత కోర్టు మిషను స్ప్రింగొకటి వచ్చింది,
ఎన్ని విడాకుల దావాలు మోసి అలిసిందో.
లోపల దొర్లింది రివెట్టు తలకాయ.
తాతే వేశాడో, దానంతటదే పడిందో.
"పారీమంటారా?"
ఉంచెయ్యమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు.
కొత్త తీగలు కట్టి
మనవడి ఫోనులో ముల్లు పచ్చబడేదాకా
ఒక్కోటీ బిగించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి వాయించాను.
నాకొచ్చింది ఒకే పాట, అదీ సగం.
ప్రతి స్వరం ఉతికి ఇస్త్రీ చేసినట్టుంది.
వంటింట్లో చేపల పులుసు దగ్గర
అమ్మ గరిటె ఆగింది.
"ఎవరిదది?"
"తాతదే."
"కాదు."

చింతపండు చేతుల్తోనే వచ్చి నిలబడింది.
"ఆ మూడోదాన్ని దించు."
దించాను.
"ఇంకొంచెం."
ఫోనులో ముల్లు ఎర్రబడింది.
"ఇంకొంచెం దించు."
ముల్లు ఓ మూలకి ఒరిగిపోయింది,
ఇది ఏ స్వరమూ కాదు పొమ్మంది.
"ఆఁ... అదీ తప్పు" అంది అమ్మ,
పోయిన తాళంచెవి కొంగు ముడిలోనే దొరికినట్టు.
"ఆ తప్పే."

వినపడని మనిషి దవడకి
ఎంత వణుకు హాయిగా ఉందో అంతే శ్రుతి.
ఆ ఇంట్లో ఐదుగురు పిల్లలు
దాని మీదే నిద్రపోయారు.
రేడియో పెట్టిన కొత్తలో అమ్మకి
అందులో వాళ్లంతా గొంతు బిగబట్టి
పాడుతున్నట్టుండేదట.

నేల మీద నా పక్కన కూలబడి
పెట్టె అంచున పాలిపోయిన చోట
దవడ ఆనించింది.
కిరసనాయిలు వాసనేస్తోందని మొహం చిట్లించింది.
రెండు అరచేతుల్తో చెవులు గట్టిగా మూసుకుని
"ఊఁ, కానీ" అంది.

మూడో తీగ మీటాను.
అమ్మ కళ్లు మూతపడ్డాయి.
లోపల రివెట్టు సన్నగా గిలగిలలాడింది.
పులుసు మాడుతోందే అమ్మా అన్నాను.
వినిపించుకోలేదు.